ఆర్గాన్ ఎందుకు ఆగలేదు

కెమికల్ ఇంజనీరింగ్ మొదటి కోర్సు, మొదటి క్విజ్‌లో నాకు పదికి మూడు వచ్చాయి. పోయిన మార్కుల్లో నాలుగు ఒక్క లెక్కవే. 100 కిలోల తడి పదార్థంలో 90 శాతం నీరు, డ్రయ్యర్‌లోంచి బయటికొచ్చేసరికి 50 శాతం నీరు. ఎంత ఆవిరైంది? తొంభైలోంచి యాభై తీసేశాను. 40 కిలోలు. ఇంటిగ్రేషన్లు నమిలి మింగి వచ్చినవాణ్ణి కదా, ఇదేం ఇంజనీరింగ్ ప్రశ్న అని లోపల్లోపల నవ్వుకుని పేజీ తిప్పాను కూడా.

జవాబు 80. మేడమ్ బోర్డు మీద రెండే లైన్లు రాశారు. లోపలికి వెళ్ళిన పొడి పదార్థం 10 కిలోలు, అది ఎక్కడికీ పోదు. బయట అది సగం అయిందంటే మొత్తం బరువు 20 కిలోలు. మిగిలిన 80 ఆవిరైపోయినట్టే. నేను చూసిన 90 శాతం వంద కిలోల్లోది, 50 శాతం ఇరవై కిలోల్లోది. రెంటినీ ఒకే తక్కెడలో వేసి పప్పులో కాలేశాను. అలా ఈ చివర నుంచి ఆ చివరకు మార్పు లేకుండా వెళ్ళే పదార్థాన్ని టై కాంపొనెంట్ అంటారు. "పెన్ను పట్టుకునే ముందు, ఇందులో మారనిది ఏదని అడగండి" అన్నారు మేడమ్. నోట్స్‌లో రాసుకున్నాను, కింద గీత కూడా గీశాను. ఆ గీత నాకు అక్కరకొచ్చింది ఏడాది తర్వాత.

కెమికల్ ఇంజనీరింగ్ అంటే బీకర్లు, రంగులు, వాసనలు అనుకుని వచ్చాను. మొదటి కోర్సులో ఒక్క రసాయనమూ కంటపడలేదు. అంతా పద్దులే. వచ్చినది, పోయినది, పుట్టినది, ఖర్చైనది, నిల్వ ఉన్నది. ఏ డబ్బా గీసినా, దాని చుట్టూ ఏ చుక్కల గీత గీసినా అవే ఐదు మాటలు. పడవలసిన కష్టమంతా ఆ గీత ఎక్కడ గీయాలన్నదే. ఒక్క మిక్సర్ చుట్టూ గీస్తే మూడు తెలియనివి వస్తాయి, మొత్తం ప్లాంట్ చుట్టూ గీస్తే ఒక్కటే వస్తుంది. ఆ తేడా పట్టుకున్నవాళ్ళు పరీక్ష గంటన్నరలో ముగించి వెళ్ళిపోయేవాళ్ళు. మిగతావాళ్ళం మూడు గంటలూ గానుగెద్దుల్లా తిరిగేవాళ్ళం.

డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ అనే పట్టిక ఒకటి ఉండేది. తెలియనివెన్ని, స్వతంత్ర సమీకరణాలెన్ని, తేడా ఎంత. తేడా సున్నా వస్తేనే లెక్క మొదలెట్టాలి. నాకది వట్టి కాలయాపన అనిపించింది. చకచకా సమీకరణాలు రాసేస్తే పోయేదానికి ముందో పట్టిక ఎందుకని సగం అసైన్‌మెంట్లలో వదిలేశాను, మార్కులూ వదులుకున్నాను. ఎనర్జీ బ్యాలెన్స్, అంటే వేడికి కూడా అవే పద్దులు రాయడం, మాత్రం ఎందుకో తేలిగ్గా పట్టుబడింది. రిఫరెన్స్ ఉష్ణోగ్రత ఒకటి ఎంచుకుని, స్టీమ్ టేబుల్స్ దగ్గర పెట్టుకుంటే చాలు. 100 డిగ్రీల దగ్గర కిలో నీరు ఆవిరి కావడానికి 2257 కిలోజౌళ్ళన్నది ఇప్పటికీ టేబుల్ చూడకుండా చెప్పగలను.

రెండో ఏడాదిలో కంప్యుటేషనల్ మెథడ్స్, అంటే సమీకరణాలని కంప్యూటర్‌తో సాధించే కోర్సు, వచ్చింది. వేరే సెమిస్టర్, వేరే సర్, వేరే సిలబస్. మొదటి కోర్సుకీ దీనికీ సంబంధం ఉందని టైమ్ టేబుల్ చూస్తే ఎవరికీ తోచదు. నా ఫిర్యాదు అదే. అక్కడ లెక్కలన్నీ కాగితం మీద తెగేలా చెక్కినవి, ఇక్కడ సమీకరణాలు ఏ పరిశ్రమవో తెలియని ఎక్స్, వైలు. ఇది ప్రోగ్రామింగ్ కోర్సేలే అనుకుని, పైథాన్ కొద్దోగొప్పో వచ్చు గనక నిశ్చింతగా కూర్చున్నాను.

మొదటి దెబ్బ వెంటనే తగిలింది. గాసియన్ ఎలిమినేషన్ (సమీకరణాల్లో తెలియనివాటిని ఒక్కొక్కటిగా తొలగించే పద్ధతి) రాసి, దాన్ని పాత అసైన్‌మెంట్ లెక్క ఒకదాని మీద ప్రయోగించాను. రెండు పదార్థాలు, మూడు తెలియని ప్రవాహాలు. మొదటి పదార్థానికి ఒక బ్యాలెన్స్, రెండోదానికి ఒకటి, మొత్తానికి ఒకటి, వెరసి మూడు. మూడుకు మూడు సరిపోయాయి కదా! ప్రోగ్రామ్ ఏ ఫిర్యాదూ చెయ్యకుండా ఒక ప్రవాహం కొన్ని కోట్ల కోట్ల కిలోలని చెప్పింది. సర్ వచ్చి మధ్య అంకెలు ప్రింట్ చేయించారు. చివరి వరసలో సున్నా రావలసిన చోట పది పవర్ మైనస్ 16 అంత చిన్న అంకె కూర్చుని ఉంది. మొదటి రెండూ కూడితే మూడోది వచ్చేస్తుంది గనక నేను రాసినవి నిజానికి రెండే సమీకరణాలు. కచ్చితమైన లెక్కలో ఆ వరస ఖాళీ అవుతుంది. కంప్యూటర్‌లో దశాంశాల చెత్త కాస్త మిగిలి, దానితో భాగించేసరికి కొండంత జవాబు పుట్టింది. నేను ఎగ్గొట్టిన పట్టిక వేసి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే సంగతి.

తర్వాత న్యూటన్-రాఫ్సన్: ఒక ఊహతో మొదలెట్టి, అడుగడుగునా దిద్దుకుంటూ జవాబు చేరే పద్ధతి. సర్ ఇచ్చిన లెక్క ఇది: కార్బన్ డయాక్సైడ్, 300 కెల్విన్, 50 బార్, వాన్ డర్ వాల్స్ సమీకరణంతో ఒక మోల్ ఎంత చోటు పడుతుందో చెప్పాలి. 1873 నాటి సమీకరణం. ఐడియల్ గ్యాస్ సూత్రానికి రెండు దిద్దుబాట్లు చేశాడాయన: అణువులకీ కొంత చోటు కావాలి, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి కూడా. దీన్ని ఘనపరిమాణం కోసం తిరగరాస్తే మూడో ఘాతం వస్తుంది, చేత్తో చేయడం విసుగు. ఐడియల్ గ్యాస్ జవాబు 0.499 లీటర్ దగ్గర మొదలెట్టాను. 0.418, 0.378, 0.367, 0.366. నాలుగడుగుల్లో వచ్చి కుదురుకుంది. నిజంగా ముచ్చటేసింది. ఐడియల్ అనుకుంటే దాదాపు అర లీటర్ వచ్చేది, అందులో పావు వంతుకు పైగా హుళక్కి అని అప్పుడే కళ్ళారా చూశాను.

ఆ హుషారులో, ఎక్కడ మొదలెట్టినా అక్కడికే వస్తుందేమోనని 0.1తో మొదలెట్టాను. 0.056. తర్వాత 0.082. తర్వాత 0.134. మళ్ళీ 0.098. పిచ్చెక్కినట్టు అక్కడక్కడే గింగిరాలు కొడుతోంది. గ్రాఫ్ గీసి చూస్తే అక్కడ వక్రం సున్నాను తాకకుండా కాస్త కింద మెలికపడి ఉంది. న్యూటన్ పద్ధతి స్పర్శరేఖ పట్టుకుని జారుతుంది గనక ఆ గుంటలో అటూ ఇటూ ఊగుతోంది. కోడ్‌లో తప్పు లేదు. నేను ఇచ్చిన మొదటి ఊహే ద్రవానికి దగ్గరగా ఉంది, అడిగినదేమో వాయువు. ఇంకా చల్లగా, 250 కెల్విన్ దగ్గర, తగిన ఒత్తిడిలో అదే సమీకరణానికి మూడు జవాబులొస్తాయి: చిన్నది ద్రవం, పెద్దది ఆవిరి, మధ్యది ఎందుకూ పనికిరానిది. ఏది కావాలో సమీకరణం చెప్పదు, మనం మొదలెట్టే చోటే చెబుతుంది. మొదటి ఊహ అంటే ఏదో ఒక అంకె పడేయడం అనుకునేవాణ్ణి. లెక్క తెలిసినవాడి పనంతా అక్కడే ఉందని సర్ అనేవారు, నిజమే.

ఇదే లెక్కలో ఇంకో పొరపాటు వారం రోజుల పాటు నాకు తెలియలేదు (పైన చెప్పినవి దిద్దాక వచ్చిన అంకెలు). ఒత్తిడి బార్‌లలో పెట్టి గ్యాస్ స్థిరాంకం మాత్రం 0.08206 వాడాను, అది అట్మాస్ఫియర్లకి. బార్లకైతే 0.08314. తేడా 1.3 శాతం. పెద్ద తప్పయితే ఎక్కడో ఒకచోట బద్దలై బయటపడుతుంది. ఇంత చిన్నది చాపకింద నీరులా పాకి, ప్రతి జవాబునీ కాస్త కాస్త పాడుచేసి ఊరుకుంటుంది.

పెద్ద తప్పూ చేశాను లెండి. యాంటాయిన్ సమీకరణంలో నీటి స్థిరాంకాలు 8.07131, 1730.63, 233.426. ఉష్ణోగ్రత సెల్సియస్‌లో ఇస్తే ఆవిరి పీడనం మిల్లీమీటర్ల పాదరసంలో వస్తుంది. 100 డిగ్రీలు పెట్టాను, 17.8 వచ్చింది. డిస్టిలేషన్ ప్రోగ్రామ్ మొత్తం దాని మీదే కట్టేశాను, గ్రాఫులు కూడా అందంగానే వచ్చాయి. నా పక్కన కూర్చునేవాడు వచ్చి చూసి, "ఒరేయ్, నీళ్ళు 100 దగ్గర మరుగుతాయి కదరా, 760 రావద్దూ?" అన్నాడు. ఆ స్థిరాంకాలు పది ఆధారంగా ఉన్న లాగరిథమ్‌కి చెందినవి. నేను అలవాటు కొద్దీ ఎక్స్‌పొనెన్షియల్ వేశాను. 2.88ని పదికి ఘాతంగా పెడితే 760, e (2.718) కి పెడితే 17.8. అంతే సంగతి. ఆనాటి నుంచి ఏ సూత్రం టైప్ చేసినా ముందు నాకు కంఠతా వచ్చిన ఒక జవాబు దాని చేత చెప్పిస్తాను, చెప్పలేదా, ముందుకు వెళ్ళను.

డిస్టిలేషన్ కాలమ్‌కి ఎన్ని ట్రేలు కావాలో చెప్పే మెక్‌కేబ్-థీలే పద్ధతి 1925 నాటిది. బెంజీన్, టోలుయీన్ మిశ్రమానికి గ్రాఫ్ కాగితం మీద పెన్సిల్‌తో మెట్లు గీశాం (ఒక్కో మెట్టు ఒక ట్రే), తర్వాత అదే పని ప్రోగ్రామ్‌తో చేయించాం. పై మూలలో మెట్లు చిన్నవైపోయి పెన్సిల్ మందమే ఒక మెట్టు మింగేస్తుంది, అక్కడ ప్రోగ్రామే నయం. కానీ ముందు చేత్తో గీయకపోయి ఉంటే రిఫ్లక్స్ (పైన చల్లబరిచి తిరిగి కాలమ్‌లోకే పంపే ద్రవం) తగ్గించినప్పుడు మెట్లెందుకు పెరుగుతాయో నాకు ఎప్పటికీ తెలిసేది కాదు.

అవకలన సమీకరణాల వారంలో జరిగింది ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటాం. బ్యాచ్ రియాక్టర్, ఒకే చర్య, రేటు స్థిరాంకం సెకనుకు 1. ఆయిలర్ పద్ధతి: ఇప్పటి రేటు పట్టుకుని కాలంలో అడుగులేసుకుంటూ పోవడం. తొందరగా తెమల్చాలని స్టెప్, అంటే ఒక్కో అడుగు, 2.5 సెకన్లు పెట్టాను. గాఢత 1తో మొదలై మైనస్ 1.5, తర్వాత 2.25, తర్వాత మైనస్ 3.375. ట్యాంకులో లేనిదానికంటే తక్కువ ఉందన్నమాట! మావాడు ఒక లైన్ చేర్చాడు: నెగెటివ్ వస్తే సున్నా చెయ్యి. గ్రాఫ్ వెంటనే బుద్ధిగా కుదురుకుంది. 1, 0, 0, 0. రెండున్నర సెకన్లలో చర్య పూర్తి. సర్ ఆ గ్రాఫ్ ముందు చాలాసేపు నిలబడి, "ఇందాకటి గ్రాఫ్ తప్పని దానంతట అదే అరిచి చెప్పింది. దాని నోరు నొక్కేశారు" అన్నారు. నిజానికి రెండున్నర సెకన్లకి ఇంకా 8 శాతం పదార్థం మిగిలే ఉంటుంది. స్టెప్, రేటు స్థిరాంకాల లబ్ధం 2 దాటితే ఆయిలర్ పేలిపోతుంది, 1 దాటినా మైనస్‌లోకి దూకుతుంది. స్టెప్ 0.1 చేస్తే సరిపోయింది.

దీనికి ముదురు రూపం స్టిఫ్ సమీకరణాలు. ఒక చర్య సెకనుకు 1000, ఇంకోటి సెకనుకు 1. మొదటిది కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. అయిపోయినా దాని దయ్యం వదలదు, చివరిదాకా ఆయిలర్ 0.002 సెకన్ల లోపు అడుగులే వెయ్యాలి. ఇంప్లిసిట్ పద్ధతులు (అడుగు చివరి రేటుతో లెక్కకట్టేవి) ఎందుకు పుట్టాయో అక్కడ అర్థమైంది. అంతకుముందు వాటి నిరూపణ బట్టీపట్టి రాసి మార్కులు కొట్టేశాను గానీ, ఎందుకన్నది తెలియదు.

ఇక ఆఖరి ప్రాజెక్టు. అమ్మోనియా లూప్. నైట్రోజన్ ఒక పాలు, హైడ్రోజన్ మూడు పాళ్ళు, రియాక్టర్‌లో ఒక్కసారి వెళితే 20 శాతం మాత్రమే అమ్మోనియా అవుతుంది. అమ్మోనియాని చల్లబరిచి ద్రవంగా తీసేసి, మిగిలిన వాయువుని తిరిగి రియాక్టర్‌కే పంపాలి. నైట్రోజన్ గాలిలోంచి వస్తుంది, గాలిలో ఒక శాతం లోపు ఆర్గాన్ ఉంటుంది. మా లెక్కకి 100 మోళ్ళ తాజా ఫీడ్‌లో 99 మోళ్ళు పనికొచ్చే వాయువులు, 1 మోల్ ఆర్గాన్. ఫ్లోషీట్ (ప్లాంట్ పటం) మేమే గీసుకోవాలి, ఆ తిరిగొచ్చే రీసైకిల్ ప్రవాహాన్ని ఒకచోట తెంపి, ఊహ పెట్టి, చుట్లు తిప్పి, మార్పు 0.01 కంటే తగ్గితే ఆపాలి.

ఆగలేదు. వెయ్యి చుట్లకి గరిష్ఠ పరిమితి తగిలి ఆగింది. రియాక్టర్‌లోకి వెళ్ళే నైట్రోజన్, హైడ్రోజన్ కలిపి 495 మోళ్ళ దగ్గర చక్కగా నిలిచాయి. ఆర్గాన్ 1000.

రెండు రాత్రులు కోడ్ మీద పడ్డాను. టాలరెన్స్, అంటే ఆ 0.01 హద్దు, మార్చాను. మొదటి ఊహ మార్చాను, న్యూటన్ పాఠం గుర్తుందిగా మరి. 200తో మొదలెడితే 1200 వచ్చింది. ఇండెక్స్ ఎక్కడో తప్పిందని లైను లైనూ చదివాను. తల ప్రాణం తోకకొచ్చింది. మూడో రోజు పొద్దున మావాడు స్క్రీన్ చూసి, "ఎన్ని చుట్లు తిప్పితే అన్ని మోళ్ళే వస్తున్నాయి కదరా" అన్నాడు. మాట అన్నాడు, ల్యాబ్ రికార్డ్ తీసుకుని వెళ్ళిపోయాడు.

చుట్టుకొకటి. నా ఫ్లోషీట్ మీద పెన్సిల్‌తో మొత్తం ప్లాంట్ చుట్టూ చుక్కల గీత గీశాను. లోపలికి 1 మోల్ ఆర్గాన్. బయటికి వెళ్ళేది అమ్మోనియా ఒక్కటే, అందులో ఆర్గాన్ లేదు. వచ్చినది 1, పోయినది 0. ఆర్గాన్ ఎవరితోనూ కలవదు, దేనిగానూ మారదు. మొదటి క్విజ్‌లో పొడి పదార్థం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. "ఇందులో మారనిది ఏది" అని నేను గీత గీసుకున్న వాక్యం బీరువాలో పాత నోట్స్‌లో ఉంది. నా ప్రోగ్రామ్ వెయ్యిసార్లు అదే చెప్పింది: నువ్వు గీసిన ప్లాంట్‌కి స్థిర స్థితి లేదు, ఇది నిండుతూనే ఉంటుంది.

పర్జ్ పెట్టాను. రీసైకిల్‌లో 2 శాతం బయటికి వదిలేయడం. అప్పుడు ఆర్గాన్ ఎంత దగ్గర ఆగాలో కంప్యూటర్ అక్కర్లేదు. బయటికి 1 మోల్ పోవాలి, పోయేది ఉన్నదానిలో 2 శాతం, కాబట్టి ఉన్నది 50. అంతే. రెండు రాత్రుల పని అర లైనులో.

ప్రోగ్రామ్ ఇప్పుడు ఆగింది గానీ 228 చుట్లు తిరిగి 49.5 దగ్గర ఆగింది. 50 కాదు! చుట్టుకి వచ్చే మార్పు 0.01 లోపుకి దిగింది కాబట్టి చేరిపోయాననుకుంది. నడక మందగించినంత మాత్రాన ఊరు వచ్చేసినట్టు కాదు కదా. టాలరెన్స్ 0.1 పెట్టి చూస్తే 45 దగ్గరే కూలబడింది. చేత్తో 50 అని ముందే తెలిసి ఉండబట్టి పట్టుకున్నాను, లేకపోతే 49.5 రిపోర్టులో ఎక్కేసేదే. వెగ్‌స్టైన్ పద్ధతి, 1958 నాటిది, వరసగా రెండు చుట్లలో మార్పు వాలు చూసి ముందుకు గెంతుతుంది. ఆర్గాన్ విషయంలో సంబంధం సరళరేఖే కనుక 0, 1, 1.98 చూసి నేరుగా 50కి గెంతింది. అది చూసినప్పుడు కలిగిన ఆనందం ఎవరికైనా చెబితే నన్ను వింతగా చూస్తారు.

వైవాలో సర్‌తో పాటు మొదటి కోర్సు చెప్పిన మేడమ్ కూడా కూర్చున్నారు. పర్జ్ 2 శాతమే ఎందుకు పెట్టావని అడిగారు. 5 శాతంతోనూ చేసి చూశానని చెప్పాను: ఆర్గాన్ 20 మోళ్ళకి తగ్గుతుంది గానీ, దాంతో పాటు 16.5 మోళ్ళ మంచి వాయువూ పోతుంది, 2 శాతంతో పోయేది 7.3 మోళ్ళే. పర్జ్ 5 నుంచి 2కి తగ్గిస్తే మొత్తం మీద అమ్మోనియా అయ్యేది 83.3 శాతం నుంచి 92.6కి పెరుగుతుంది. బాగానే చెప్పాననిపించింది.

"2 శాతం పర్జ్‌తో రియాక్టర్‌లోకి వెళ్ళేదాంట్లో ఆర్గాన్ ఎంత?"

"9.8 శాతం, మేడమ్."

"5 శాతంతో?"

"4.6."

"మరి రెండు చోట్లా చర్య 20 శాతమే జరిగిందా?"

నోట మాట రాలేదు. ఆర్గాన్ ఎక్కువైతే నైట్రోజన్, హైడ్రోజన్‌ల పాక్షిక పీడనం పడిపోతుంది, చర్య వెనకబడుతుంది. ఆ 20ని నేను ప్రోగ్రామ్ మొదటి లైన్లలో అంకెగా టైప్ చేసి మర్చిపోయాను. సర్ నవ్వుతూ మేడమ్ వైపు చూశారు. "అది వచ్చే సెమిస్టర్‌లో రియాక్షన్ ఇంజనీరింగ్" అన్నారు.

గదికి వచ్చి ఫైల్ తెరిచాను. 20 ఉన్న చోట అంకె తీసేసి, ఆర్గాన్ వాటాని తీసుకుని జవాబిచ్చే ఒక ఫంక్షన్ పేరు రాశాను. లోపల ఏం రాయాలో ఇంకా తెలియదు, తాత్కాలికంగా 0.2 తిరిగి పంపమని రాసి సేవ్ చేశాను.